విజాతి ధ్రువాలు - ఒక చెరువు కట్ట

(బి.ఎస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి)

ఈ సంచికకు సైన్సు వ్యాసం ఒకటి రాసివ్వమని సంఘం మిత్రులు అడిగినప్పుడు, అయస్కాంతాల గురించో అంతరిక్షం గురించో రాద్దామనుకున్నాను. కాని నేను చెరువు కింద మడి చేసుకునే ఇంటినుంచి వచ్చినవాణ్ణి. చిన్నప్పటినుంచీ నాకు బాగా తెలిసిన యంత్రం ఒక్కటే, అది మా ఊరి చెరువు. కాబట్టి దాన్ని గురించే రాస్తున్నాను. దానితోపాటు ఒక ప్రేమకథ కూడా చెప్పవలసి వస్తున్నది. రెంటినీ విడదీసి చెప్పాలని ప్రయత్నించాను గాని నావల్ల కాలేదు. ఆ కథలో ఉన్నవాళ్ళు మా అన్నా, మా వదినా. రాసుకోమని ఇద్దరూ ఒప్పుకున్నారు, పేర్లు మాత్రం వద్దన్నారు. అందుకే ఊరి పేరూ చెప్పడం లేదు. అనంతపురం జిల్లాలో అటువంటి ఊళ్ళు చాలా ఉన్నాయి. నేను సాహిత్య విద్యార్థిని కాను. భాషలో తప్పులుంటే గురువులు మన్నించాలి.

1. కట్ట ఎట్లా నిలబడుతుంది?

మా జిల్లాలో ఏడాది సగటు వర్షం 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. అదైనా ఏడాది పొడుగునా పంచుకుని కురవదు. నాలుగు గట్టి వానల్లో వచ్చిన నీటిని ఆపుకోగలిగితే పంట, లేకపోతే లేదు. అందుకే పెద్దలు వంకలకు అడ్డంగా మట్టికట్టలు పోశారు. చెరువుకు ముఖ్యాంగాలు నాలుగు: నీటిని ఆపే కట్ట, మడికి నీళ్ళు వదిలే తూము, ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే మరవ, కింద సాగయ్యే ఆయకట్టు. మా వైపు మరవ అన్నదాన్నే తెలంగాణలో అలుగు, మత్తడి అంటారు.

కట్ట మీద నీటి తోపుడు ఎంత ఉంటుందో చూద్దాం. ఘనపు మీటరు నీళ్ళు ఒక టన్ను తూగుతాయి. నీళ్ళు 5 మీటర్ల లోతున్నాయనుకుంటే, అడుగున చదరపు మీటరుకు 5 టన్నుల ఒత్తిడి. పైన సున్నా, కింద 5; సగటు రెండున్నర. దాన్ని లోతుతో గుణిస్తే కట్ట పొడుగులో ప్రతి మీటరు మీదా పన్నెండున్నర టన్నుల తోపుడు పడుతుంది. లోతు రెట్టింపైతే తోపుడు నాలుగింతలవుతుంది. "ఇంకొక్క అడుగు నిలుపుకుందాం" అని మరవకు ఇసుక బస్తాలు అడ్డం పెట్టే రైతు సోదరులు ఈ లెక్క గుర్తు పెట్టుకోవాలి. అట్లా పెట్టేవాళ్ళలో మా నాయన కూడా ఒకడు.

అయితే మట్టికట్టలు చాలావరకు ఈ తోపుడుకు జరిగిపోయి తెగవు. నీళ్ళు కట్ట పైనుంచి పొర్లితే తెగుతాయి. లేదా లోపలినుంచి కోసుకుపోతే తెగుతాయి. మట్టికట్ట అన్నాక ఎంతో కొంత ఊట ఉండనే ఉంటుంది. ఊట నీళ్ళు తేటగా వస్తున్నంతసేపు కనిపెట్టి చూస్తే చాలు. నీళ్ళు మన్ను రంగు తిరిగాయంటే, లోపల మట్టిరేణువులు కొట్టుకొస్తున్నాయన్నమాట. రేణువు వదిలిన సందులో నీటి జోరు పెరుగుతుంది, జోరు పెరిగితే మరిన్ని రేణువులు లేస్తాయి. ఇంజనీర్లు దీన్ని పైపింగ్ అంటారు. ఎలుక బొక్క, పీతబొక్క, కుళ్ళిపోయిన చెట్టువేరు, వీటిలో ఏదైనా దారి చూపించవచ్చు. అన్నిటికన్నా అనుమానించవలసిన చోటు పాత గండి. పాత మట్టికీ, గండిలో హడావుడిగా పోసిన కొత్త మట్టికీ అతుకు సరిగా పడదు. రెండూ ఒకే తీరున దిగవు.

2. కథ ఏమంటుంది?

అనంతపురం పక్కనే బుక్కరాయసముద్రం చెరువుంది. ఒకప్పుడు దాని కట్ట తెగబోయిందనీ, బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలి ఇస్తే గండి పూడుతుందని అమ్మవారు పలికిందనీ, ఆ ఇల్లాలు ఊరికోసం తానే గండిలోకి దిగిందనీ కథ. పేరుకు ముసలమ్మ గాని వయసుకు పడుచు. కట్ట మీద ఆమెకు ఇప్పటికీ మొక్కుతారు. కట్టమంచి రామలింగారెడ్డిగారు ఈ కథనే 1899లో 'ముసలమ్మ మరణము' అనే కావ్యంగా రాశారు. అప్పటికి ఆయన విద్యార్థి, ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. తర్వాత 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షులైనది ఆయనే.

కన్నడదేశంలో 'కెరెగె హార' అనే జానపద గీతం ఉంది. అక్కడ తవ్విన చెరువులో నీళ్ళు పడవు. చిన్నకోడలు భాగీరథిని బలి ఇస్తారు. దండులో ఉన్న భర్త తిరిగి వచ్చి, సంగతి తెలిసి, తానూ అదే చెరువులో దూకుతాడు. సెర్బియాలో కోటకూ, గ్రీసులో వంతెనకూ, రుమేనియాలో మఠానికీ ఇట్లాంటి కథలే ఉన్నాయి. కట్టడం మారుతుంది, దేశం మారుతుంది. బలి అయ్యేది మాత్రం ఎక్కువగా బయటినుంచి ఆ ఇంటికి వచ్చిన పడుచుపిల్లే.

మా ఊరి కట్ట మీద కూడా ఒక రాయి ఉంది. వేపమాను కింద, పసుపు పూసి ఉంటుంది. కట్టమ్మ అంటాం. ఆమె ఎవరి కోడలో చెప్పగలిగినవాళ్ళు లేరు. ఆచారాలు మాత్రం మిగిలాయి. రాయికి ఇటు ఏడు బారలు, అటు ఏడు బారలు ఎవరూ గడ్డపార వెయ్యకూడదు, బండి నిలపకూడదు, గొడ్డును కట్టెయ్యకూడదు. ఏటా ఏరువాక పున్నమినాడు ఇంటికొక తట్ట మన్ను తెచ్చి రాయి వెనక పోసి తొక్కాలి. చిన్నప్పుడు మాకది ఆట. ఎందుకని మేము అడగలేదు, పెద్దలూ చెప్పలేదు.

3. రోడ్డు పార్టీ, రాయి పార్టీ

2021లో కట్ట మీద తారురోడ్డు వేసే పని వచ్చింది. అది పడితే పెద్దరోడ్డుకు ఆరు కిలోమీటర్ల చుట్టు తగ్గుతుంది. కాని వెడల్పు చాలాలంటే వేపమాను కొట్టాలి, రాయి తియ్యాలి. ఊరు రెండుగా చీలింది. చెనిక్కాయ మార్కెట్టుకు తోలుకునే రైతులు, మా నాయనతో సహా, రోడ్డు పార్టీ. ముసలీ ముతకా, కట్టమ్మకు తరతరాలుగా దీపం పెట్టే పూజారి కుటుంబం రాయి పార్టీ. రెండు నెలల్లో టీ అంగడి కూడా రెండయింది. ఒక పార్టీ ఇంట్లో పెళ్ళికి రెండో పార్టీవాళ్ళు భోజనానికి పోలేదు.

మా అన్న సివిల్ డిప్లొమా చేసి, ఆ పని పట్టిన కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా ఉండేవాడు. మాటలు తక్కువ, లెక్కలు ఎక్కువ. టేపు లేకుండా బయటికి పోడు. దేవుడికి దండం పెట్టడం నేను చూడలేదు. నేనప్పుడు ఇంటర్లో చేరాను. టేపు రెండోకొస పట్టుకోవడం నా పని.

గ్రామసభ జరిగింది. రాయి పార్టీ తరపున పూజారి తాత మాట్లాడతాడనుకుంటే ఆయన మనవరాలు లేచింది. బి.ఏ. చదువుతున్న పిల్ల. మా అన్నకు పూర్తిగా వ్యతిరేకం: నోరు పెద్దది, పాటలంటే ప్రాణం, ఎక్కాలంటే భయం.

"రోడ్డు కావల్లనే అంటాండా," అంది ఆమె. మేమంతా తెల్లబోయాం. "నేను దినామూ ఈ కట్ట మీదనే కాలేజీకి నడిచి పోతాండా. మా యమ్మను కాన్పుకు తీసుకుపోతాంటే బండి ఈ బురదలోనే కూరుకపోయింది. నా తమ్ముడు ఈడనే పుట్టి, ఈడనే పోయినాడు. రోడ్డు వద్దనేదానికి నాకు నోరు రాదు. ఆ కథ కూడా నాకు నచ్చదు. బలికి బసిరెడ్డే దిగొచ్చు గదా, కోడలెందుకు?"

రాయి పార్టీ గొణిగింది. మా అన్న సంతోషపడి, "అయితే రాయి తీసేదానికి మీ తాత ఒప్పుకుంటాడా?" అన్నాడు.

"అదిగాదు సార్. ఆ రాయి ఆడనే ఏంటికి ఉండాదో మీరు కొలిచినారా? అన్నీ కొలుస్తారు గదా, అదీ కొలవండి."

సభలో నవ్వులు. మా అన్న నవ్వలేదు. ఇంటికొచ్చి అన్నం తినేటప్పుడు కూడా మాట్లాడలేదు. పడుకునేముందు నన్ను పిలిచి, "ఒరే, ఏడు బారలంటే ఎన్ని మీటర్లు?" అన్నాడు.

4. నోటుబుక్కు

ఏడు బారలంటే సుమారు పన్నెండున్నర మీటర్లు. ఆ హద్దులోపల తవ్వకుండా కొలవడం ఎట్లా? తాతనే అడగాలని ఆ పిల్ల చెప్పింది. తాత ఒక పూటంతా ఆలోచించాడు. చివరికి, "బొక్క వేసుకో నాయనా. వేసిన బొక్క నీ చేత్తోనే పూడ్చి, పైన ఒక తట్ట మన్ను పొయ్యి," అన్నాడు. మా అన్న జీవితంలో విన్న స్పెసిఫికేషన్లలో అంత మంచిది ఇంకొకటి లేదంటాడు ఇప్పటికీ.

చెరువు దాదాపు ఎండి ఉన్న రోజుల్లో, చేత్తో తిప్పే ఆగరుతో కట్ట వెనకవైపు బొక్కలు వేశాం. లోతు రెండు మీటర్లు. దూరంగా వేసినచోట ఎర్రగరుసు, దిమ్మిస కొట్టినట్టు గట్టిగా ఉంది. రాయి వెనక వేసినచోట నల్లమన్ను, గులకరాళ్ళు, కుండపెంకులు కలగాపులగంగా వచ్చాయి. నాలుగడుగుల కిందనే తడి తగిలింది. ఎక్కడ మట్టి మారుతున్నదో చూద్దామని పక్కకు జరుగుతూ మరికొన్ని వేశాం. రాయికి ఇటు పదకొండు మీటర్ల దగ్గర, అటు పదమూడు మీటర్ల దగ్గర మారింది. ప్రతి బొక్కనూ బంకమన్నుతో పొరలు పొరలుగా కూరి పూడ్చాం. లేకపోతే మనమే కట్టకు చిల్లులు పొడిచినవాళ్ళం అవుతాం.

అంటే ఆ రాయి పాత గండి మధ్యలో ఉంది. ఏడు బారల హద్దు గండి వెడల్పు. ఏటా పోసే తట్ట మన్ను, దిగిపోయే పూడికను సరిచేసే మరమ్మతు. బండి నిలపకూడదన్నది బరువు గురించిన హెచ్చరిక. కాగితం లేని ఊరు తన గండిని ఒక రాయిగా, ఒక పండగగా నమోదు చేసుకుంది. ఇది మా ఊరికి సంబంధించిన పరిశీలన మాత్రమే. ప్రతి కట్టమ్మ కిందా గండి ఉంటుందని నేను అనడం లేదు.

కొలతలు మా అన్న ఒక రెండువందల పేజీల నోటుబుక్కులో రాసేవాడు. కొన్నాళ్ళకు చూస్తే ఆ బుక్కు వెనకనుంచి ఇంకొకరి దస్తూరి మొదలైంది. కట్టమ్మ మీద తన అవ్వ పాడే పాటల్లో తనకు గుర్తున్నవి ఆ పిల్ల అందులో రాస్తున్నది. పోరుమామిళ్ళ శాసనం వివరాలు కూడా ఆమే కాలేజీ లైబ్రరీలో చూసి రాసుకొచ్చింది. కడప జిల్లా పోరుమామిళ్ళలో బుక్కరాయల కొడుకు భాస్కరుడు (భవదూరుడు) కట్టించిన చెరువు దగ్గరి సంస్కృత శాసనమది. శక సంవత్సరం 1291, అంటే క్రీ.శ. 1369. మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కారు. జలశాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, రెండువైపులా కొండలు, రాళ్ళ గని, పని తెలిసిన మనుషులు కావాలంటుంది. కట్టలోంచి నీరు కారడం, చౌడునేల, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం దోషాల్లో చేరతాయి. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్ళు పనిచేశాయని కూడా ఉంది.

ఆ పేజీ కింద ఆమె ఒక గీత గీసి ఇట్లా రాసింది: "పన్నెండు సాధనాల్లో కోడలు లేదు."

దాని కింద మా అన్న దస్తూరి: "సరిచూశాను. లేదు."

ఆ రోజునుంచి ఆమె మా అన్నను సార్ అనడం మానేసింది. టేపు రెండోకొస పట్టుకోవడానికి నన్ను పిలవడం మా అన్న మానేశాడు. విజాతి ధ్రువాలు ఆకర్షించుకుంటాయని ఏడో తరగతిలో చదివాను గాని, చూసింది మాత్రం అప్పుడే.

విచిత్రమేమంటే, రాయి తియ్యాలన్నవాడు రాయిని వదిలి రోడ్డు కిందికి దించాలని వాదించడం మొదలుపెట్టాడు. రాయి ఇంటి పిల్ల రోడ్డు త్వరగా పడాలని తాతతో పోట్లాడేది. ఆ గండి ఉన్నంత మేర రోడ్డును కట్ట వెనక అడుగుకు దించి, అక్కడ ఇసుక, కంకర పొరలతో వడపోత వేసి, దానిపై మట్టి మెట్టు పోస్తే, కట్టకు బలమూ వస్తుంది, రోడ్డూ వస్తుందని మా అన్న బొమ్మతో సహా పైవాళ్ళకు రాశాడు. వేపమాను కొట్టొద్దనీ రాశాడు. బతికున్న వేరు మన్నును పట్టుకుంటుంది. మాను కొట్టి మొద్దు వదిలేస్తే వేళ్ళు కుళ్ళి, నీటికి సొరంగాలవుతాయి. ఆ ఉత్తరం పోయిన వారానికి కాంట్రాక్టరు మా అన్నను పనిలోంచి తీసేశాడు. రోడ్డు పని ఆగిపోయింది.

5. రచ్చకట్ట మీద ప్రశ్న

అప్పుడు రెండు పార్టీలూ ఒక్కటయ్యాయి. ఆ పిల్ల మాయ చేసి రోడ్డు ఆపించిందని రోడ్డు పార్టీ. అమ్మవారి హద్దులో బొక్కలు వేయించిందని రాయి పార్టీ. మా కులం వేరు, వాళ్ళ కులం వేరు. ఆ మాట పైకి అననివాళ్ళు కూడా మనసులో అదే అనుకున్నారు. ఒక సాయంత్రం రచ్చకట్ట మీద పెద్దలు కూర్చుని తీర్పు చెప్పారు. ఆ పిల్లకు దూరంగా ఎక్కడన్నా సంబంధం చూసి ఈ నెలలోనే పంపించేస్తే ఊరు సల్లబడుతుంది, చదువు చాల్లే అన్నారు. ఆ మాట అన్నవాళ్ళలో మా నాయన ముందున్నాడు. ఈ సంగతి రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది.

ఆ పిల్ల ఏడవలేదు. చేతులు కట్టుకుని నిలబడి అడిగింది: "అంటే కట్టకు పిల్లను ఇచ్చేది మళ్ళా మొదలుపెట్టినారా?"

ఎవరూ బదులు చెప్పలేదు. నాకు మాత్రం ముసలమ్మ కథ అప్పుడర్థమైంది. ముసలమ్మకు నిజంగా ఏం జరిగిందో నాకు తెలియదు. కాని ఊరికి కష్టం వచ్చినప్పుడు, ఇంజనీరును గాని రెడ్డిని గాని కాకుండా, ఎదురు చెప్పలేని పిల్లను చూపించడం ఎంత సులువో కళ్ళారా చూశాను. కథలో ఆమె ఇష్టపడి దిగిందంటారు. రచ్చకట్ట మీద ఇంకొక పది నిమిషాలు గడిచి ఉంటే, ఈమె కూడా ఇష్టపడే పోయిందని మేమూ చెప్పుకునేవాళ్ళమేమో.

పూజారి తాత కర్ర పట్టుకుని లేచాడు. "నా మనవరాలు యాడికీ పోదు. సదువు అయినాక దానికి ఇష్టమైన చోటికి పోతాది," అని ఆమె చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. తీర్పు అక్కడే ఆగింది.

6. నవంబరు 2021

ఆ నవంబరులో రాయలసీమంతా వానలు. నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ళు కొట్టుకుపోయాయి. తిరుపతి దగ్గర రాయలచెరువు కట్టకు ఊట పడి, కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. మా చెరువు కూడా ఎన్నో ఏళ్ళ తర్వాత నిండింది. మరవ పారుతున్నది. దాని మీద రైతులు పేర్చిన ఇసుక బస్తాలు అట్లాగే ఉన్నాయి.

ఆ రాత్రి తాత వానలోనే దీపం పెట్టడానికి పోయి, రాయి వెనక కట్ట అడుగున చెయ్యి లావున నీళ్ళు రావడం చూశాడు. మనవరాలు మా అన్నకు ఫోను చేసింది. పక్కనే పడుకున్న నాకు వినబడింది. ప్రేమికులు ఫోన్లో ఏం మాట్లాడుకుంటారో మిత్రులకు తెలిసే ఉంటుంది. వీళ్ళు మాట్లాడుకున్నది ఇది:

"ఎట్లొస్తాండాయి?"

"తేటగానే ఉండాయి."

"దీపం పెట్టుకోని చూస్తానే ఉండు. రంగు మారితే చెప్పు."

మేము చెప్పులేసుకుంటుండగానే మళ్ళీ మోగింది. "తేట పోయింది. ఎర్రగా వస్తాండాయి."

మా అన్న పరుగెత్తుతూనే ఇంటింటికీ కేకలేశాడు. కింద వీధిలోని ఆడవాళ్ళనూ పిల్లలనూ బడి మిట్టకు పంపించారు. ఊటను బిగించి మూసెయ్యాలని కొందరు గోనెసంచులతో వచ్చారు. మా అన్న వద్దన్నాడు. నీటిని అక్కడ మూస్తే ఇంకొకచోట పగలదీసుకుంటుంది. నీటిని పోనియ్యాలి, మన్నును మాత్రం ఆపాలి. ముందు ఇసుక, దానిపై సన్నకంకర, దానిపై పెద్దరాళ్ళు, చుట్టూ బస్తాలతో గుండ్రంగా గోడ. లోపల నీటిమట్టం కొంచెం పైకి లేస్తే ఊట జోరు తగ్గుతుంది. రోడ్డు కోసం తోలి వదిలేసిన కంకర గుట్టే అప్పుడు అక్కరకొచ్చింది. తట్టలు మాత్రం ఏరువాక తట్టలే. ఏ తట్ట ఏ పార్టీదో ఆ చీకట్లో ఎవరికి తెలుసు?

ఇంకొక పని మిగిలింది. చెరువు మట్టం తగ్గాలి, అంటే మరవ మీది బస్తాలు లాగెయ్యాలి. ఆ బస్తాల వెనక నిలిచిన అడుగున్నర నీళ్ళంటే ఆయకట్టులో చివరి మళ్ళకు రెండో పంట. అందులో మావి రెండెకరాలు. ఎవరూ కదల్లేదు. మా నాయన పంచె ఎగ్గట్టుకుని, నడుముకు మోకు కట్టించుకుని, మరవలోకి దిగి మొదటి బస్తా లాగాడు.

తెల్లవారుజామున నీళ్ళు మళ్ళీ తేటపడ్డాయి. పొద్దున ఇంజనీర్లు వచ్చి చూశారు. మేము లేకపోతే కట్ట తెగేదా? టిప్పర్లు తిరిగి ఉంటే ముందే తెగేదా? చెప్పలేం. ఒకే కట్ట మీద రెండుసార్లు ప్రయోగం చెయ్యలేము కదా. ఊట పడింది రాయి వెనకనే అన్నది మాత్రం నోటుబుక్కులో తేదీతో సహా ఉంది.

7. తర్వాత

2022 మే నెలలో వాళ్ళు ప్రత్యేక వివాహ చట్టం (1954) కింద రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకున్నారు. ఆ చట్టం ప్రకారం ముప్పై రోజుల ముందు నోటీసు పెడతారు. ఆ ముప్పై రోజులూ ఊళ్ళో చాలామంది ఏదో ఒక పని పెట్టుకుని ఆ ఆఫీసుకు పోయి చదివొచ్చారు. అభ్యంతరం మాత్రం ఎవరూ రాసివ్వలేదు. తాత సాక్షి సంతకం పెట్టాడు. మా అమ్మ వచ్చింది. మా నాయన రాలేదు.

జూన్‌లో ఏరువాక పున్నమి వచ్చింది. వదిన తట్ట నెత్తిన పెట్టుకుని కట్ట మీదికి నడుస్తున్నది. వెనకనుంచి మా నాయన కూడా తట్టతో వచ్చాడు. కొంతదూరం ఇద్దరూ మాట్లాడకుండా నడిచారు. రాయి దగ్గరికి వచ్చాక మా నాయన నిలబడి, "తట్ట బరువుగా ఉండాది. రోంత దించుదువు రామ్మా," అన్నాడు. వదిన తన తట్ట కింద పెట్టి ఆయన తట్టకు చెయ్యి వేసింది. అంతే జరిగింది. ఆ రోజునుంచి ఆమె మా ఇంటి కోడలు.

రోడ్డు 2023లో పూర్తయింది. గండి ఉన్న మేర కట్ట దిగి, మళ్ళీ ఎక్కుతుంది. 108 బండి ఊళ్ళోకి వస్తున్నది. రాయి పైన, వేపమాను కింద అట్లాగే ఉంది. టీ అంగళ్ళు మాత్రం ఇప్పటికీ రెండే, అది వ్యాపారమట.

8. నేను నేర్చుకున్నది

అయస్కాంతాన్ని మధ్యకు విరిస్తే ఒక ముక్కలో ఉత్తరం, ఒక ముక్కలో దక్షిణం మిగలవు. ప్రతి ముక్కలోనూ మళ్ళీ రెండూ ఉంటాయి. మా ఊరు కూడా అట్లాగే అనిపిస్తుంది. రోడ్డు పార్టీలో ఏరువాక తట్ట మొయ్యని ఇల్లు లేదు. రాయి పార్టీలో అంబులెన్సు అక్కర్లేని ఇల్లు లేదు. లెక్కల మనిషి కథను నమ్మవలసి వచ్చింది, పాటల మనిషి కథను నిలదీయవలసి వచ్చింది.

జానపద కథను తీసుకుంటే మొత్తంగా తలకెత్తుకోవాలి, లేకపోతే మూఢనమ్మకమని పారెయ్యాలి అని మనం అనుకుంటాం. రెండూ సోమరితనమే. మా కట్టమ్మ కథ గండి చోటును కాపాడింది, వెడల్పును కాపాడింది, మరమ్మతును కాపాడింది. గండి ఎందుకు పడిందో మాత్రం దాచింది. నిర్లక్ష్యం చేసినవాళ్ళను తప్పించి, నింద లేకుండా ఒక పిల్లను దేవతను చేసింది. మొదటిదాన్ని కొలిచి తీసుకోవాలి. రెండోదాన్ని ప్రశ్న అడిగి ఆపాలి.

మనలో చాలామందిమి చెరువులున్న ఊళ్ళనుంచి వచ్చాం. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఒక నోటుబుక్కు పట్టుకుని కట్ట మీదికి పోండి. కట్ట ఎప్పుడు, ఎక్కడ తెగిందని ముసలివాళ్ళను అడగండి. ఏ చోట తవ్వకూడదంటారో, ఏ చోట మొక్కుతారో రాసుకోండి. మరవకు అడ్డం ఏమైనా పెట్టారేమో చూడండి. నిండినప్పుడు ఊట తేటగా ఉందో లేదో చూడండి. చెప్పేవాళ్ళు ఏటా తగ్గిపోతున్నారు. మా పూజారి తాత పోయిన ఏడాది కాలం చేశాడు. ఇప్పుడు కట్ట మీద దీపం మా వదిన పెడుతుంది. మా అన్న పక్కన నిలబడి కింద ఊట చూసి, నోటుబుక్కులో ఒక్క మాట రాస్తాడు.

నిన్న రాత్రి ఫోన్లో అడిగితే, "తేట" అని చెప్పారు.